మూడో ఆదివారం చదివిన ప్రకటన

మాడిన అన్నాన్ని మళ్లీ పొయ్యి మీద పెడితే బాగుపడుతుందా? పడదని వంటింట్లో అడుగుపెట్టిన ప్రతి ఆడదానికీ తెలుసు. అయినా ఫోన్‌లో కథలు చదివే ఆడవాళ్లకు ఒకటే కథ కావాలి. ఎప్పుడో వదిలేసి పోయినవాడు ఇరవై ఏళ్లకో ముప్పై ఏళ్లకో తిరిగి రావాలి. జుట్టు కాస్త నెరిసి ఉండాలి, కళ్లలో నీళ్లు తిరగాలి, వాన పడాలి, ఊరు చిన్నదై ఉండాలి. ఆరేళ్లుగా నేను అవే రాస్తున్నాను. అందులో ఒక కథ మా అక్క పెళ్లిని ఎలా చెడగొట్టిందో ఇక్కడ చెప్తాను. కథ మీదికి తప్పు నెట్టడం దేనికి, చెడగొట్టింది నేనే.

నేను పనిచేసేది అబిడ్స్‌లో, ఒక పాత కాంప్లెక్సు మెట్ల కింద ఉన్న డీటీపీ సెంటర్లో. పెళ్లికార్డులు, విజిటింగ్ కార్డులు, లాయర్ల కాగితాలు టైపు చేస్తాను. తెలుగు టైపింగ్ వేళ్లకు అలవాటైపోయింది కాబట్టి ఖాళీ దొరికినప్పుడల్లా ఒక కథల యాప్‌లో సీరియల్ రాయడం మొదలుపెట్టాను. బుధవారం ఒక భాగం, శనివారం ఒక భాగం. మగపేరు పెట్టుకున్నాను. ప్రేమ గురించి ఆడది రాస్తే చదివే ఆడవాళ్లు సలహాలు చెప్తారు, మగవాడు రాస్తే నమ్ముతారు. ఈ సంగతి ఇంట్లో గానీ చర్చిలో గానీ ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో ఫోన్ పట్టుకుని టైపు చేస్తుంటే ఆఫీసు పని అనేదాన్ని.

రెండో అవకాశాల మీద నాకేమైనా నమ్మకం ఉందా అంటే, నా మొగుడి సంగతి చెప్పాలి. పెళ్లయిన మూడో ఏడు వదిలేసి పోయాడు. నాలుగేళ్ల తర్వాత మారిపోయానంటూ వచ్చాడు. గుమ్మంలో నిలబడి ఏడిస్తే నేనూ ఏడ్చి లోపలికి రానిచ్చాను. ఏడు నెలలుండి మళ్లీ పోయాడు, ఈసారి పోతూ మిక్సీ కూడా పట్టుకుపోయాడు. ఈ కథ నా పాఠకులకు నచ్చదు, అందుకే ఎప్పుడూ రాయలేదు.

అప్పటి నుంచి అక్క దగ్గరే ఉంటున్నాను. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో రెండు గదుల ఇల్లు. నాన్న రైల్వే పార్సిల్ ఆఫీసులో పనిచేసిన రోజుల నుంచీ మేం అందులోనే కిరాయికి ఉన్నాం. అమ్మా నాన్నా పోయారు. అక్క నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది, మిషన్ స్కూల్లో లెక్కల టీచరు, పెళ్లి చేసుకోలేదు. నేను ఇంటికి రావడం కాస్త ఆలస్యమైతే గల్లీ మొదట్లోకి వచ్చి నిలబడుతుంది. నాకు నలభై అయిదు దాటినా ఆమె కంటికి బడికి పోయే పిల్లనే.

నేను చిన్న ఊళ్లో ఒక్క పూట కూడా ఉండలేదు. నా కథల్లో మాత్రం ఒక చిన్న ఊరు ఉంటుంది. అది అక్కది. ముప్పై ఏళ్ల కింద అక్క టీచర్ ట్రైనింగ్ కోసం మెదక్ దిక్కు ఒక ఊరికి పోయి, మిషన్ హాస్టల్లో రెండేళ్లు ఉంది. అక్కడి ఆసుపత్రిలో పనిచేసే ఒక కాంపౌండరు ఆమెను ఇష్టపడ్డాడు. ట్రైనింగ్ అయిపోయి ఇంటికొచ్చాక ఎనిమిది నెలలు ఉత్తరాలు రాశాడు. తర్వాత మానేశాడు. ఎందుకు మానేశాడో అక్కకూ తెలియదు. ఆ ఉత్తరాలను ఒక పాత అట్లాసు పుస్తకంలో పెట్టి ట్రంకు పెట్టె అడుగున దాచింది. పదో తరగతి సెలవుల్లో నేను వాటిని చదివాను. ఒకసారి కాదు, కంఠతా వచ్చేదాకా చదివాను. ఆ మనిషి గురించి అక్క నాతో ఒక్క మాటా అనలేదు. నేను చదివానని ఆమెకు తెలియదు.

నాకు తెలిసిన సరుకంతా అయిదేళ్లలో అయిపోయింది. అప్పుడు ఆ ఉత్తరాల మీద పడ్డాను. ఒక చిన్న ఊరు, రైలు గేటు, గేటు పక్కన చెట్టు, చెట్టు కింద కాంపౌండరు, హాస్టల్ నుంచి చర్చికి నడిచి వచ్చే టీచరు పిల్ల. ముప్పై ఏళ్ల తర్వాత అతను ఆమె కోసం వెతుక్కుంటూ బయలుదేరతాడు. నేను రాసినవాటిలో దీన్ని చదివినంతగా జనం దేన్నీ చదవలేదు. దొంగతనం అంటారా, అనండి. నాకప్పుడు అలా అనిపించలేదు. ముప్పై ఏళ్లుగా పెట్టె అడుగున పడి ఉన్న కాగితాలు, అక్క వాటితో ఏం చేసుకుందని అనుకున్నాను.

నాలుగో భాగం కింద ఒక కామెంటు వచ్చింది. "గేటు దగ్గర ఉన్నది వేపచెట్టు అని రాశారు. అది కానుగచెట్టు." అంతే. ఉత్తరాల్లో చెట్టు అని మాత్రమే ఉంది, వేప నేను కల్పించింది. ఎవరబ్బా ఇంత తెలిసినవాళ్లు అని ఆ ఖాతా ప్రొఫైల్ బొమ్మ పెద్దది చేసి చూశాను. పెచ్చులూడిన నీలం పెయింట్ బకెట్లో మనీప్లాంట్. ఆ బకెట్ మా వంటింటి కిటికీలో ఉంటుంది. దుకాణంలో కూర్చుని గట్టిగా నవ్వాను, మా ఓనరు తల తిప్పి చూశాడు. యాభై మూడేళ్ల లెక్కల టీచరు, పిల్లల ఫోన్లు లాక్కుని బీరువాలో పెట్టే మనిషి, తను కూడా దొంగచాటుగా ఇవే చదువుతోందన్నమాట.

నవ్వు ఆగకముందే రచయితకు విడిగా పంపే మెసేజ్ కూడా వచ్చింది. మీరెవరో నాకు తెలిసిందని, తనెవరో కూడా మీకు తెలిసే ఉంటుందని, ఆరోగ్యం బాగుందా అని రాసింది. కామాలు, ఫుల్‌స్టాపులు అన్నీ ఉన్నాయి. ఆ కాంపౌండరే ముప్పై ఏళ్ల తర్వాత తమ కథ రాస్తున్నాడని అనుకుంది. ఆ గేటు, ఆ చెట్టు, ఆ మాటలు ఆయనకు తప్ప ఎవరికి తెలుసని ఆమె లెక్క. టీచరు లెక్క కాబట్టి ఎక్కడా తప్పు లేదు. చెల్లెలి దొంగబుద్ధి ఒక్కటే అందులో కలపలేదు.

నేను జవాబివ్వకుండా ఉండాల్సింది. సాయంత్రం ఇంటికి పోయి, అక్కా ఇది నేనే అని, కాళ్లు పట్టుకుని నవ్వాల్సింది. "బాగున్నాను. మీరెలా ఉన్నారు?" అని పంపాను. ఎందుకు పంపావని నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు వస్తోంది. సరదాకి. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని ఊరికే అనలేదు.

సరదా పది నెలలు సాగింది. అక్క ఏదో ఒకటి రాసేది, నేను రెండు ముక్కల్లో జవాబిచ్చేదాన్ని. ఒక క్రిస్మస్‌కు హాస్టల్ పిల్లలతో కలిసి పాడుతూ ఆమె పాట మధ్యలో మరిచిపోతే ఆయన వెనక నుంచి అందించాడట. తర్వాతి శనివారం భాగంలో ఆ పాట ఎక్కింది. గుర్తుపెట్టుకుని రాసినందుకు అక్క మురిసిపోయి ఇంకొకటి చెప్పేది. నాకు రాసే శ్రమ సగం తగ్గింది. ఆమె చెప్పినవే ఆమెకు తిప్పి చెప్తున్నాను, జనం ఏడుస్తూ చదువుతున్నారు. అక్క సుల్తాన్ బజార్ పోయి రెండు కొత్త చీరలు తెచ్చుకుంది. అన్నం వడ్డిస్తూ కూనిరాగాలు తీసేది. ఏమిటక్కా సంగతి అంటే, ఏంలేదే, ఎండ తగ్గింది గదా అనేది.

ఈ మధ్యలోనే అసలు సంబంధం వచ్చింది. చర్చిలో స్త్రీల సమాజం వాళ్లు తెచ్చారు. ఆయన అబిడ్స్‌లో కళ్లద్దాల షాపులో చూపు పరీక్ష చేసి అద్దాలు బిగిస్తాడు. భార్య పోయి అయిదేళ్లు. గౌలిగూడలో సొంతిల్లు, ఉద్యోగం చేసే ఒక కూతురు. నాన్న ఒంటరిగా ఉండకూడదని ఆ పిల్లే ముందుకొచ్చింది. ఆరాధన అయ్యాక ఆదివారాలు మా ఇంటికి వచ్చేవాడు. మాటలు తక్కువ. కాసేపు కూర్చుని, జర మీ అద్దాలు ఇయ్యండ్రి అని ఇద్దరివీ తీసుకునేవాడు. జేబులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసి బిగించి, తుడిచి, వెలుతురులో పెట్టి చూసి తిరిగి ఇచ్చేవాడు. ఇదేం ప్రేమ, స్క్రూలు బిగించే ప్రేమ అని నేను వెక్కిరించేదాన్ని. అక్క నవ్వేది కాదు. అద్దాలు పెట్టుకుని, ఇప్పుడు మంచిగ కనిపిస్తున్నయి అనేది.

నాలుగు నెలలు ఆలోచించి అక్క ఒప్పుకుంది. ఒప్పుకునే ముందు ఫోన్‌లో ఉన్న ఆయనకు రాసింది. తనకొక సంబంధం వచ్చిందని, మంచి మనిషని, మీరు ఒక్క మాట వద్దంటే వద్దంటానని. ఆ మెసేజ్ వచ్చినప్పుడు నేను ఎవరిదో శుభలేఖ టైపు చేస్తున్నాను. నాకు పెళ్లయింది, పిల్లలున్నారు, మీరు సుఖంగా ఉండండి అని రాస్తే సరిపోయేది. రోజంతా ఊరి జనం పెళ్లిళ్లు టైపు చేసేదాన్ని, నా వేళ్లకు ఆ కాస్త రాలేదు. "మీ మనసు ఏం చెప్తే అది చేయండి" అని పంపాను. ఏ ఎండకా గొడుగు పట్టే జవాబు. అక్క దాన్ని ఎన్నిసార్లు చదువుకుందో, ఆయన వద్దనలేదని సరేనందో, ఔననలేదని లోపల ఆశ పెట్టుకుందో నాకు తెలియదు. రెండూ చేసిందనుకుంటాను.

అబద్ధం ఆడను, ఆ పెళ్లి నాకు ఇష్టం లేదు. ఆయన మీద కోపం లేదు. అక్క గౌలిగూడ పోతే నాంపల్లి ఇంట్లో నేనొక్కదాన్నే మిగులుతాను. సాయంత్రం తాళం తీసుకుని చీకటి ఇంట్లోకి పోవాలి. మొగుడు పోయినప్పుడు అలా పోయిన రోజులు నాకు గుర్తున్నాయి. ఈ భయం అక్కకు చెప్పలేదు. చెప్తే యాభై మూడేళ్లకు దొరికిన సుఖానికి అడ్డం పడుతున్నావంటుందేమోనని సిగ్గుపడ్డాను. సిగ్గుపడి చేసిన పని చూడండి.

మా చర్చిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు వరసగా ప్రకటన చదువుతారు. ఫలానా వారికీ ఫలానా వారికీ వివాహం జరగబోతోంది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పాలి, ఇది మొదటిసారి అని అయ్యగారు అంటారు. అన్నాక కాసేపు ఆగుతారు. ఆ కాసేపూ ఎవరూ కదలరు. దగ్గు వచ్చినా ఆపుకుంటారు, చంటిపిల్ల ఏడవబోతే తల్లి నోటికి కొంగు అడ్డం పెడుతుంది. నా ఎరుకలో ఎప్పుడూ ఎవరూ లేవలేదు. మొదటి ఆదివారం అక్క పేరు చదువుతుంటే అందరూ దగ్గు ఆపుకుని కూర్చున్నారు. అక్క తల వంచుకుంది. పక్కన కూర్చున్న నాకు, ఇది సీరియల్‌లో పెడితే ఎంత బాగుంటుందో కదా అనిపించింది.

రెండో ఆదివారం కూడా గడిచింది. ఆ గురువారం అక్క దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది. "ఈ ఆదివారం మూడవసారి చదువుతారు. అదే ఆఖరు. మీరు వస్తారా?" తర్వాత ఏమవుతుందని అడిగే పాఠకులందరికీ పంపడానికి నా దగ్గర ఒక తయారు జవాబు ఉంది. మీ ప్రశ్నకు సమాధానం వచ్చే భాగంలో ఉంది, చదువుతూనే ఉండండి, ఒక గులాబీ పువ్వు. రోజుకు పాతిక మందికి అది పోతుంది. అలవాటు కొద్దీ వేలు దాని మీదికే పోయింది, కానీ నొక్కే ముందు ఆగింది. ఎవరికి పంపుతున్నానో, ఆమె దాన్ని ఎలా తీసుకుంటుందో నాకు తెలుసు. వచ్చే భాగంలో ఏం రాసి పెట్టానో కూడా తెలుసు. నొక్కాను.

శనివారం మధ్యాహ్నం ఆ భాగం పెట్టాను. ఊళ్లో చర్చి. టీచరుకు వేరే మనిషితో పెళ్లి. అయ్యగారు మూడోసారి ప్రకటన చదివి ఆగుతారు. వెనక తలుపు దగ్గర నుంచి ఒక మగగొంతు, నాకుంది అభ్యంతరం అంటుంది. అక్కడితో ఆపాను. నేను ఇంటికి వచ్చేసరికి అక్క చీర ఇస్త్రీ చేసుకుంటోంది. ముప్పై ఏళ్లు తగ్గినట్టుంది మొహం. ఎల్లుండి స్కూలుకు సెలవు పెట్టానని చెప్పింది. ఎందుకని నేను అడగలేదు.

ఆదివారం అక్క మేమెప్పుడూ కూర్చునే మూడో వరసకు రాలేదు. వెనక తలుపు పక్క బెంచీ మీద చివర కూర్చుని, పక్కన చోటు ఉంచుకుని దాని మీద బైబిలు పెట్టింది. అందరూ కొత్త పెళ్లికూతురి సిగ్గు అనుకున్నారు. అద్దాలాయన, ఆయన కూతురు ముందు వరసలో ఉన్నారు. ఆ ఖాళీ చోటు ఎవరి కోసమో నాకు తెలుసు. వెనక్కి పోయి అక్క చేయి పట్టుకుని బయటికి తీసుకుపోయి చెప్పడానికి రెండు పాటలంత సమయం ఉంది. నేను పాటల పుస్తకం తెరిచి పాడాను.

అయ్యగారు మూడోసారి చదివారు. ఆగారు. అప్పుడే వెనక తలుపు కిర్రుమంది. అక్క సగం లేచింది. ఆలస్యంగా వచ్చిన ఒక తల్లి పిల్లను ఎత్తుకుని లోపలికి వచ్చి, కూర్చోవడానికి చోటు కోసం చూసింది. అక్క ఆమె వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని వంగి చూసింది. ఎవరూ లేరు. అయ్యగారు కాగితం తిప్పి స్త్రీల సమాజం కూడిక గురించి చదవబోతున్నారు.

"అయ్యగారు, జర ఆగుండ్రి," అంది అక్క, నిలబడి. క్లాసులో మాట్లాడే గొంతు, చివరి బెంచీ దాకా వినిపించే గొంతు. "నాకుంది అభ్యంతరం."

చర్చి మొత్తం వెనక్కి తిరిగింది. అద్దాలాయన ఒక్కడే తిరగలేదు. కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని ముందుకే చూస్తూ కూర్చున్నాడు. ఆయన కూతురు మొహం ఎర్రబడింది. ఒక ముసలాయన వినబడక ఏమైంది ఏమైంది అని పక్కవాణ్ని అడుగుతున్నాడు.

ఆరాధన అయ్యాక సంఘ పెద్దలు అక్కను లోపల గదిలోకి పిలిచారు. నేనూ పోయాను. అభ్యంతరం అన్నాక రాసి ఇవ్వాలని ఒక తెల్ల కాగితం ముందు పెట్టారు. అక్క కూర్చుని నీటుగా రాసింది. కారణం: వేరొకరికి మాట ఇచ్చి ఉన్నాను. ఎవరికమ్మా అని అడిగారు. ఇప్పుడెక్కడుంటాడని, ఏం చేస్తాడని అడిగారు. ప్రతి ప్రశ్నకూ అక్క తలుపు వైపు చూసింది. పెద్దల్లో ఒకాయన ఇంకొకాయనను చూసి మూతి బిగించి నవ్వు ఆపుకున్నాడు. ఈ వయసులో ఇదేం చోద్యం అన్నట్టు. ఆయన చెంప పగలగొట్టాలనిపించింది నాకు. ముందు పగలాల్సిన చెంప ఎవరిదో తెలుసు కాబట్టి ఊరుకున్నాను.

ఇంటికొచ్చి అక్క చీర కూడా మార్చుకోకుండా బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. మూడు గ్లాసుల బియ్యం. మాకు ఒకటిన్నర చాలు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఆమెకు బాధ లేదు. అదే నేను భరించలేకపోయాను.

"దూరం గదనే," అంది, నేను అడగకముందే. "బస్సు దొరకలేదో ఏమో. చర్చికి అందకపోతే ఇంటికన్న వస్తడు."

"ఎవ్వరు రారక్కా. ఆ కథ రాసేది నేనే. మెసేజ్‌లు పంపింది గూడ నేనే."

పిచ్చి మాటలు మాట్లాడకు అని మూత తీసి అన్నం చూసింది. నేను ఫోన్ తెచ్చి చేతిలో పెట్టాను. రచయిత పేజీ, కింద ఆమె పంపిన మెసేజ్‌లన్నీ, నా వైపు నుంచి. అక్క తడి చేయి చీరకు తుడుచుకుని, అద్దాలు సర్దుకుని, బొటనవేలితో పైకి జరుపుకుంటూ మొదటిదాకా పోయింది. ఆరోగ్యం బాగుందా అన్న చోట ఆగింది. ఆ ఉత్తరాలు నీకెట్లా తెలుసు అని అడిగింది. అట్లాసు అన్నాను. తల ఊపింది. అన్నం పొంగి పొయ్యి మీద పడుతుంటే నేనే పోయి మంట తగ్గించాను.

తిడుతుందనుకున్నాను. కొడుతుందేమోనని కూడా అనుకున్నాను, కొడితే బాగుండునని కూడా.

"ఇప్పుడెందుకు చెప్పినవే?" అంది. "నిన్న చెప్తే పెండ్లన్న అయితుండె. ఎన్నడు చెప్పకపోతే ఎదురు చూసుకుంటన్న ఉంటుంటి. రెండిట్ల ఒక్కటి గూడ నాకు మిగలనియ్యకపోతివి."

ఆ మాట అని లోపలికి పోయి చీర మార్చుకుంది. మధ్యాహ్నం ఇద్దరమే తిన్నాం. మిగిలిన అన్నం మర్నాడు పులిహోర కలిపింది.

ఇక సీరియల్ మానేశానని అనుకుంటారేమో. మానలేదు. బుధవారం తర్వాతి భాగం పెట్టాను. కాంపౌండరు తలుపు దగ్గర నుంచి నడిచి వచ్చి టీచరు చేయి పట్టుకున్నాడు. అదివరకు దేనికీ రానన్ని కామెంట్లు వచ్చాయి. కన్నీళ్లు ఆగలేదని, ఇలాంటి మగవాళ్లు ఇంకా ఉన్నారా అని. నీలం బకెట్ బొమ్మ ఉన్న ఖాతా మాత్రం కనిపించలేదు. అక్క యాప్ తీసేసింది.

అద్దాలాయనకు నిజం చెప్తే ఏదైనా అతుకుతుందేమోనని రెండు వారాల తర్వాత ఆయన షాపుకు పోయాను. లంచ్ టైము, గిరాకీ లేదు. అక్క తప్పేం లేదని, ఇదంతా నా వల్ల జరిగిందని మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఆయన కౌంటర్ వెనక నిలబడి మొత్తం విన్నాడు.

"అమ్మా, మీరు చెప్పింది అర్థమైంది," అన్నాడు. "టీచరమ్మ నేను నచ్చక లేవలేదు. ఇంకొకాయన వస్తడని లేచింది. గంతే గదా. ఇది వినకపోయుంటేనే నాకు మంచిగుండె."

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే. తను నచ్చకే అక్క అలా అందనుకుంటే ఆయన ఎలాగో ఓర్చుకునేవాడు. నేను పోయి అది కూడా తీసేశాను. వస్తానని లేచాను. ఆయన ఆగమన్నట్టు చేయి ఎత్తి, డ్రాయర్ లాగి, మళ్లీ మూశాడు. ఏం వెతుక్కున్నాడో తెలియదు.

"మీద రూముకు సున్నం కొట్టించిన," అన్నాడు, నన్ను చూడకుండా. "మీ కోసం. చెల్లెను ఒక్కదాన్ని ఇడిచిపెట్టి రాను అన్నది టీచరమ్మ, ఆ ఒక్క మాట మీదనే ఒప్పుకున్నది. సాయంత్రం మీరు ఆఫీసు పని చేసుకుంటరట గదా, కిటికీ కాడ టేబుల్ గూడ ఏపిచ్చిన. మూడో ప్రకటన అయినంక మీకు చెప్తనన్నది."

షాపులోంచి ఎలా బయటికి వచ్చానో గుర్తులేదు. అబిడ్స్ నుంచి నాంపల్లి దాకా నడిచాను, ఆటోలు పక్కన ఆగి ఆగి పోతున్నాయి. నేను ఒంటరిదాన్ని అవుతానని ఏ భయంతో ఆ జవాబు నొక్కానో, ఆ భయాన్ని నాకంటే ముందే అక్క పసిగట్టి, నన్ను అడగకుండానే తీర్చి పెట్టింది. నేను ఒక్క మాట అడిగి ఉంటే తెలిసేది. మూడు రోజులు ఆగినా తెలిసేది.

ఆయన ఆ తర్వాత వేరే చర్చికి పోతున్నాడని విన్నాను. మేం మాత్రం అదే చర్చికి పోతున్నాం. ఎవరి ప్రకటన చదివినా, అయ్యగారు ఆగినప్పుడు, కొందరి తలలు మా వరస వైపు తిరుగుతాయి. పెద్దవాళ్లు చూసి వెంటనే తిప్పేసుకుంటారు, పిల్లలు తిప్పుకోరు. అక్క చూపు దించదు. పెళ్లికి సిద్ధమైన ఆ జంటను చూస్తూ కూర్చుంటుంది.

నేను భయపడినట్టు ఏదీ జరగలేదు. అక్క ఎక్కడికీ పోలేదు, నేను ఒక్కదాన్నే మిగల్లేదు. కోరుకున్నది కోరుకున్నట్టే దొరికింది. ఆ గది సంగతి మాత్రం అక్క ఇంతవరకూ నాతో అనలేదు. ఆ ఆదివారం అనలేదు, ఆ తర్వాత కోపం వచ్చిన రోజుల్లోనూ అనలేదు. నాకు తెలిసిపోయిందని ఆమెకు తెలియదు. నీ కోసం గది గూడ అడిగి పెట్టిననే అని ఒక్కసారి నా మొహాన కొడితే, దాని మీద ఏడ్చైనా ఏడుద్దునని రోజూ ఆమె ఎదురుగా కంచం పెట్టుకుని కూర్చుంటాను. అక్క నా కంచం వైపు చూసి, ఇంకింత పప్పు ఏసుకో అంటుంది.